నాలుగింటి మాట

ముందే చెబుతున్నాను, దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇరవై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా చేశాను. దయ్యమని కేక వేసిన ప్రతి పిల్ల గదిలోనూ నాకు దొరికింది ఒక పిల్లి, లేదంటే గాలికి కొట్టుకునే కిటికీ రెక్క. అలాంటిదాన్ని ఇది చెబుతున్నానంటే ఊరికే చెప్పడం లేదు.

మా మనవరాలు హాసిని ఎదురుగా ఫోన్ పట్టుకుని కూర్చుంది. నేను మాట్లాడితే ఫోన్ తెలుగులో రాసుకుంటుందట. దానికి తెలుగు రాయడం రాదు, తప్పులు వాళ్ళ నాన్న దిద్దుతాడు. నవ్వకే, ఇది కూడా రాయనీ.

మేముండేది మిషిగన్‌లో, నోవైలో, మా అమ్మాయి ఇంట్లో. మా వారు పోయి రెండేళ్ళు దాటింది. ఆయన టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో పని చేసి రిటైరయ్యారు. ఏ వస్తువైనా మూత విప్పి చూస్తేగానీ తోచదు ఆయనకి. ఇక్కడికొచ్చాక కంప్యూటర్‌లో లైనక్స్ అనే సిస్టం వేసుకున్నారు. ఎందుకండీ అంటే, "దీనికి మూత తీయొచ్చు రాజ్యం, ఎవరూ వద్దనరు" అనేవారు.

నాకు సాయంత్రం నాలుగింటికి బీపీ మాత్ర వేసుకోవాలి. ఎప్పుడూ మర్చిపోయేదాన్ని. ఆయన తన గొంతు రికార్డు చేసి, రోజూ సరిగ్గా నాలుగింటికి కంప్యూటర్ పలికేలా పెట్టారు. "రాజ్యం, మాత్ర వేసుకున్నావా?" అంతే, ఒక్క మాట.

ఆయన పోయాక కూడా ఆ మాట ఆగలేదు. నేను ఆపనివ్వలేదు. కంప్యూటర్ ఆయన గదిలో పగలూ రాత్రీ అలా ఆన్‌లోనే ఉండేది. నాలుగవుతుంటే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వెళ్ళి ఆ గదిలో కూర్చునేదాన్ని. ఆయన అడిగేవారు. నేను "ఆఁ, వేసుకుంటున్నా" అని మాత్ర మింగేదాన్ని. అది తప్ప నాకు పెద్ద కోరికలేం లేవు.

మొన్న దసరాకి ఆయుధ పూజ వచ్చింది. పూజకి ముందు రోజు పనిముట్లన్నీ శుభ్రం చేసుకోవాలి కదా. మా అల్లుడు కారు కడుగుతున్నాడు. మా అమ్మాయి ల్యాప్‌టాప్ తుడుస్తోంది. హాసిని కాలేజీ నుంచి సెలవుకొచ్చింది, చదువుతున్నది కంప్యూటర్ సైన్సే. "తాతయ్య కంప్యూటర్ కూడా శుభ్రం చెయ్యి తల్లీ" అన్నాను నేను. నా ఉద్దేశం గుడ్డతో తుడవమని.

అది పైన తుడిచి ఊరుకోలేదు. "లోపల కూడా క్లీన్ చేశాను అమ్మమ్మా, టూ ఇయర్స్ నుంచి అప్‌డేట్ లేదు, మొత్తం అప్‌డేట్ చేసేశా" అంది సంతోషంగా. ఆపి మళ్ళీ ఆన్ చేసింది.

తెర నల్లగా వచ్చింది. ఎడమ మూల చిన్న తెల్ల గీత ఒకటి కొట్టుకుంటోంది. అంతే.

తర్వాత హాసిని నాకు వివరంగా చెప్పింది. సిస్టం లోపల కెర్నెల్ అని ఒకటుంటుందట, అన్నిటికీ అదే ఇంజన్. అప్‌డేట్‌లో అది కొత్తది వచ్చింది. తెర మీద బొమ్మ చూపించే డ్రైవర్ మాత్రం పాత ఇంజన్‌కి తగ్గట్టు తయారైంది, కొత్తదానికి సరిపోలేదు. మా అల్లుడిది కార్ల కంపెనీలో ఉద్యోగం, "ఇంజన్ మార్చి పాత గేర్‌బాక్స్ బిగిస్తే కదులుతుందా" అన్నాడు. పైగా స్పీకర్లు ఆ మానిటర్‌లోనే ఉన్నాయి. బొమ్మా, శబ్దమూ రెండూ ఒకే కేబుల్లో వస్తాయి. బొమ్మ పోతే గొంతు కూడా పోయినట్టే.

ఆ రోజు నాలుగైంది. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

నేను హాసినిని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆ రోజు మాత్రం వార్డెన్ గొంతు బయటికొచ్చింది. "ఎవరడిగారే నిన్ను? తెలిసీ తెలియని చదువూ నువ్వూనూ! మిగిలింది ఆ ఒక్క మాట, అది కూడా తుడిచేశావు!" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయొద్దు.

పిల్ల మొహం పాలిపోయింది. రాత్రి దాకా ఏవేవో నొక్కింది. చివరికి ఎవరో స్నేహితుణ్ణి అడిగితే, అంతా చెరిపేసి మళ్ళీ వేసుకోమన్నాడట. చెరిపేస్తే ఆయన గొంతు కూడా పోతుంది. దానికి కాపీ తీసి పెట్టుకోలేదని హాసిని అప్పుడు ఏడుస్తూ చెప్పింది. పూజ అయిన మర్నాడు పొద్దున ఆఖరి ప్రయత్నం, కాకపోతే చెరిపేయడమే అనుకున్నాం. నేను దానితో మాట్లాడలేదు.

మర్నాడు పూజ. పాడైనా అది ఆయన పనిముట్టే కదా, పూజలో పెట్టాల్సిందే అన్నాను. మా అల్లుడు వైర్లన్నీ పీకి, మానిటర్‌నీ కంప్యూటర్ డబ్బానీ తెచ్చి దేవుడి అరుగు ముందు పీట మీద పెట్టాడు. వైర్లు చుట్టి స్టీలు పళ్ళెంలో పెట్టాం. మానిటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది నేనే. పూజలో పెట్టినవి ఆ రోజు ముట్టుకోం, అది మా ఇంటి పద్ధతి.

మధ్యాహ్నం మా అమ్మాయీ అల్లుడూ కారు పూజకి గుడికి వెళ్ళారు. ఇంట్లో నేనూ హాసినీ. అది మెట్ల మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. నేను డైనింగ్ టేబుల్ దగ్గర అరటిపళ్ళు విడదీస్తున్నాను. ఎండ బాగా ఉంది. టీవీ లేదు. నా ఫోన్ పైన నా గదిలో ఉంది, హాసిని ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌లో.

పీట దగ్గర్నుంచి ఆయన గొంతు వినిపించింది.

"రాజ్యం, మాత్ర వేసుకున్నావా?"

ఒక్క క్షణం ఆగి, రోజూ రాని మాట ఇంకొకటి వచ్చింది.

గడియారం చూశాను, నాలుగు. వైర్లు పళ్ళెంలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. హాసిని తల ఎత్తి చూస్తోంది. నోరు తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. హాస్టల్లో ఇద్దరు పిల్లలు ఒక సంగతి చెప్పాలంటే విడివిడిగా రాయించేదాన్ని. కలిపి అడిగితే ఒకరి మాట ఇంకొకరు అందుకుంటారు. దానికో కాగితం ఇచ్చి, నేనొకటి తీసుకున్నాను.

నేను రాసింది: "పసిదాన్ని కసురుకోకే."

అది ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. కూడబలుక్కుని చదివాను. అదే మాట. కింద గీత గీసి నన్నడిగింది, "కసురుకోకే అంటే ఏంటి అమ్మమ్మా?"

ఆ మాట దానికి తెలియదు. తెలిసే వీలు లేదు. మా అమ్మాయి చిన్నప్పుడు నేను కేకలేస్తే వెనక గదిలోంచి ఆయన సరిగ్గా ఇలాగే అనేవారు. హాసిని పుట్టాక నేను ఇంట్లో ఎవర్నీ కసిరింది లేదు, ఆయన అనాల్సిన పనీ పడలేదు.

పిల్లని దగ్గరికి తీసుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. మాత్ర వేసుకున్నాను.

మర్నాడు వైర్లన్నీ బిగించాక హాసిని పక్కనే కుర్చీ వేసుకుని, వీపు మీద చెయ్యి వేసి, "మొదటి రోజు ఏమేం చేశావో ఒక్కొక్కటే నాకు చెప్పమ్మా" అన్నాను. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. స్విచ్ వేయగానే ఒక కీ నొక్కితే పాత కెర్నెల్ ఎంచుకునే మెనూ వస్తుందట. ఆ రోజు కంగారులో ఆలస్యంగా నొక్కాను అంది. ఈసారి సమయానికి నొక్కింది. పాత ఇంజన్‌తో తెర వెలిగింది. ముందు గొంతు మూడు చోట్ల కాపీ చేసింది. ఆ తర్వాత కొత్త కెర్నెల్‌కి సరిపోయేలా డ్రైవర్ మళ్ళీ తయారుచేసింది. బొట్టు ఇప్పటికీ మానిటర్ మీదే ఉంది.

గొంతు ఉన్న ఫైలు విప్పి చూశాం. నాలుగు సెకన్లు. మాత్ర మాట ఒక్కటే ఉంది. కంప్యూటర్ తను చేసిన ప్రతి పనీ రాసుకునే చిట్టా ఉంటుందట, అది కూడా చూపించింది. పూజ రోజున అందులో ఒక్క అక్షరం లేదు.

"లోపల కరెంటు మిగిలి ఉంటుందిలెండి అత్తయ్యగారూ" అన్నాడు మా అల్లుడు. కరెంటు మిగలొచ్చు నాయనా, మాట ఎలా మిగులుతుంది?

మొన్న హాసిని అంది, "అమ్మమ్మా, టెస్ట్ చేద్దాం. నాలుగింటికి ముందు నన్ను బాగా తిట్టు." సరేనని నాలుగుకి పది నిమిషాలుండగా మొదలుపెట్టాను. దాని మొహం చూస్తే నోట్లోంచి తిట్టు రాలేదు, నవ్వొచ్చింది. నాలుగింటికి ఆయన మాత్ర సంగతి ఒక్కటే అడిగారు.

రెండో మాట మళ్ళీ రాలేదు. రోజూ గ్లాసు పట్టుకుని ఇంకో నిమిషం కూర్చుంటాను. ఆ రోజు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి.