వీధిపోటు ఇల్లు కట్టి చెల్లెల్ని డాక్టరు చదివించిన విధం

ప్రపంచాన్ని మార్చడం తేలికే, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి మనసు మార్చడమే కష్టం అన్న సంగతి ఆ వయసులో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా అడ్డు ప్రశ్నలు వేసి పంపించేదాన్ని. మార్కాపురంలో కొత్త టీచరుద్యోగం. ఆదివారం వస్తే మూఢనమ్మకాల మీద సభలు, గొంతు పోయేదాకా వాదన. (గొంతు పోతే సోమవారం బడిపిల్లలు సంతోషించేవాళ్ళు.) అట్లాంటి నాకు ఒక ఇంటిస్థలం సగం ధరకు దొరికింది. సగమెందుకంటే అది దక్షిణం ముఖం, పైగా వీధిపోటు. బస్టాండు నుంచి నేరుగా వచ్చే రోడ్డు సరిగ్గా ఆ స్థలం ముందుకొచ్చి ఆగి, అటూ ఇటూ చీలిపోతుంది. అట్లాంటి చోట ఇల్లు కట్టిన యజమాని బాగుపడడని ఊరందరి నమ్మకం. "జనం మూఢత్వం, మనకు డిస్కౌంటు!" అని స్టాఫ్‌రూములో మిఠాయి పంచి, బ్యాంకు అప్పు తీసుకుని ఇల్లు కట్టేశాను. తూర్పుకు వాకిలి పెట్టే వీలున్నా పట్టుబట్టి దక్షిణానికే పెట్టించాను.

నా ఉపాయం అద్భుతంగా ఉండేది. వెనకగదిలో నేనుంటాను, ముందు భాగం బాడుగకిస్తాను. ఆ బాడుగ ఇంటి అప్పు కంతుకు పోతుంది, నా జీతం చెల్లెలి మెడిసిన్ ఫీజుకు పోతుంది, చాలనిది రాచర్లలో నాయన జీవాలు చూసుకుంటాయి. చెల్లెలికి సీటొచ్చిన రోజు నాయన మందలోకి పోయి పొట్టేళ్ళ వీపులు తట్టి, "ఇంగ మీరంతా డాక్టరు చదవాలరా!" అన్నాడు. మొదటి సంవత్సరం అవి చదివాయి కూడా. రెండో ఏటికి ఇల్లు పూర్తయింది, కంతు మొదలైంది, బాడుగ మాత్రం రాలేదు. నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే చెల్లెల్ని పరీక్షకు కూర్చోనివ్వబోమని కాలేజీవాళ్ళు చెప్పేశారు.

ఇల్లు చూడడానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. గదులు చూసి మురిసేవాళ్ళు, కింద పరిచిన నల్లబండలు చూసి మెచ్చుకునేవాళ్ళు, గేటు దగ్గర వెనక్కి తిరిగి రోడ్డు చూసి బిగుసుకుపోయేవాళ్ళు. పలకల ఫ్యాక్టరీ గుమాస్తా ఒకాయన భార్యతో వచ్చాడు.

"ఇల్లు బాగుండాది మేడం. ఆ రోడ్డే..."

"రోడ్డుకేమైంది?"

"నెత్తి మీదికే వస్తా ఉంది కదా!"

కూర్చోబెట్టి, టీ ఇచ్చి, భూమి గుండ్రంగా ఉందని మొదలుపెట్టాను. దిక్కులు మనిషి పెట్టుకున్న పేర్లన్నాను. రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు నా జాతకంతో పని లేదన్నాను. ఆయన ప్రతిమాటకూ తలూపాడు. చివరికి లేచి, "మీరు చెప్పిందంతా నిజమే మేడం. మా ఆడమనిషి ఒప్పుకోదు" అన్నాడు. ఆవిడ వెంటనే "నేనేడ మాట్లాడినా?" అంది. ఇద్దరూ పోయి, కుళాయి కూడా లేని ఉత్తరం వాకిలి ఇంట్లో దిగారు.

సెలవులకొచ్చిన చెల్లెలు టీ గ్లాసులు కడుగుతూ, "అక్కా, నువ్వు ఇల్లు బాడుగకిస్తా ఉండావా, మీటింగు పెడ్తా ఉండావా? టీపొడి డబ్బా అయిపోయింది, ఒక్కరూ దిగలే" అంది. నాయన ఆ వారం మిగిలిన పెద్ద పొట్టేళ్ళనమ్మి డబ్బు తెచ్చాడు. అది చాల్లేదు. "పాపా, ఆ వాకిలి తూర్పుకు తిప్పితే ఏం పోతాది?" అన్నాడు.

"సిద్ధాంతం పోతుంది నాయనా!"

"నీ సిద్ధాంతానికి మేత అక్కర్లే, అందుకే నీ కాడ నిలిచింది. నా జీవాలు నిలవడం లే."

ఇక గడువు దగ్గర పడ్డాక మోపెడ్ మీద ఒక మనిషి వచ్చి గేటు ముందు దిగాడు. కంభం నుంచి వచ్చే వాస్తు సిద్ధాంతిగారు. నేను పునాది తీయిస్తున్నప్పుడు ఇదే రోడ్డు మీద నిలబడి "ఈ యజమాని బాగుపడితే నా మీసం తీసేస్తా" అని ఊరందరికీ చెప్పినవాడు.

"ముందు భాగం నాకిస్తావా అమ్మాయీ? సంవత్సరం బాడుగ ఒకేసారి ఇస్తా."

నాకు మాట రాలేదు. (నా జీవితంలో అదే మొదటిసారి.) తేరుకుని, "వీధిపోటు యజమానికి చేటని మీరే కదా చాటినారు?" అన్నాను.

"యజమానివి నువ్వు కదమ్మా! నేను బాడుగోణ్ణి."

అసలు సంగతి చెప్పమని నిలదీస్తే గేటు దగ్గరికి తీసుకుపోయి రోడ్డు చూపించాడు. "బస్టాండులో దిగినోడి కన్ను యాడ పడతాది? నీ గోడ మీద. కంభంలో సందులో బోర్డు పెట్టుకోని కూచుంటే కోడి గూడా తలెత్తి చూడలే. ఇట్లాంటి జాగా ఇంకోటి యాడుంది?"

వాస్తు మీద నేను విన్న మొట్టమొదటి హేతుబద్ధమైన వాదన అది! ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ నా గోడ మీద వాస్తు బోర్డా? ఆదివారం సభలో మొహమెట్లా చూపించేది? వెనక్కి తిరిగితే చెల్లెలు తలుపు పక్కన నిలబడి ఉంది. ఎప్పుడూ ఏదో ఒక ఎత్తిపొడుపు విసిరే పిల్ల, చున్నీ కొస నోట్లో పెట్టుకుని కిక్కురుమనకుండా చూస్తోంది. ఆ నోట్లోంచి ఒక్క పరిహాసం వచ్చినా నేను ఆయన్ను పంపించేసేదాన్నేమో. రాలేదు.

"ఒక షరతు" అన్నాను. "మీ బోర్డు కింద నా బోర్డు ఉంటుంది: ఈ ఇంటి యజమానికి వాస్తు మీద నమ్మకం లేదు, ఇల్లు నిక్షేపంగా ఉంది అని."

ఆయన గడ్డం గోక్కుని, "పెద్దక్షరాల్లో రాయించమ్మా" అన్నాడు.

మర్నాడే ఫీజు కట్టేశాం. చెల్లెలు రసీదు ఊపుకుంటూ కాలేజీ మెట్ల మీద నుంచి గెంతుకుంటూ దిగింది. నాయన పంచె ఎగ్గట్టి ఆమెకంటే ముందు గెంతాడు. ఇంటి దగ్గర రెండు బోర్డుల వింత చూడడానికి గిద్దలూరు నుంచి, దర్శి నుంచి జనం రావడం మొదలైంది. నాతో వాదించడానికి వచ్చినవాళ్ళు కూడా పోతూపోతూ ఆయన దగ్గర ఇంటి ప్లాను చూపించుకుని పోయేవాళ్ళు. ఆయన నన్నే ఉదాహరణగా వాడుకునేవాడు: "ఆ టీచరమ్మకు ఇంకా బ్యాంకు అప్పు తీరలే. వీధిపోటంటే అదే!" నేను వెనక కిటికీలోంచి అరిచేదాన్ని: "నెలనెలా తీరుతోంది, ఆయన బాడుగతోనే!" సభల్లో మిత్రులు నన్ను "వాస్తుగారి ఓనరమ్మ" అన్నారు. అననీ! ఏటేటా బాడుగ ముందే వచ్చేది, ఏటేటా చెల్లెలు పై తరగతికి పోయేది.

ఇప్పుడు సిద్ధాంతిగారు ఖాళీ చేసిన ఆ ముందు గదుల్లో చెల్లెలి ఆసుపత్రి. బస్టాండులో దిగినవాళ్ళ కన్ను నేరుగా ఆమె బోర్డు మీదే పడుతుంది. సిద్ధాంతిగారు నెలకోసారి బీపీ చూపించుకోవడానికి వస్తారు. (మీసం అట్లాగే ఉంది.) మొన్న కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడుస్తూ, "చూసినావా, నేను కాలు పెట్టిన జాగా కాబట్టే కలిసొచ్చింది" అన్నారు. నేను నోరు తెరిచాను.

"అక్కా, కాసేపు ఆగు. ఆయనకు బీపీ చూస్తా ఉండా. నువ్వు మాట్లాడితే ఎక్కువ చూపిస్తాది" అంది డాక్టరమ్మ.

ఆగాను. బయటికొచ్చి గోడ కేసి చూస్తే, కొత్త సున్నం కిందనుంచి నా పాత బోర్డు మేకుల గుంతలు నాలుగూ ఇంకా కనిపిస్తున్నాయి. అంత పెద్ద అక్షరాలు రాయించిన ఆనాటి టీచరు పిల్లను, అంటే నన్నే, తలుచుకుంటే నవ్వొచ్చింది. ఊరంతటితో వాదించి గెలిచింది, ఆ వాదనతో ఒక్క గదీ బాడుగకివ్వలేకపోయింది! ఆ గొంతు ఇప్పుడు నాకు లేదు. అయినా సిద్ధాంతిగారు బయటికొచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను, భూమి గుండ్రంగా ఉందని మళ్ళీ మొదలుపెడదామని.