బిళ్ల ఓపికకు తగిన చిప్పు

వీధివారందరూ ఆయనను తీగలాయన అనేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పైయొక్క సంవత్సరాలు లైన్లు బాగుచేసి విరమించిన మనిషి. ఆ ఉద్యోగంలో ఆయనకున్న శత్రువు ఒక్కటే: గరగర. ఎక్కడ ఏ తీగకు చెమ్మ తగిలినా రిసీవరులో వినిపించే ఆ రొద పుట్టుక కనిపెట్టి అణచేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు. విరమించాక కూడా వంటింటి పక్క గదిలో సోల్డరింగ్ ఐరన్ వేడిచేసుకొని ఏదో ఒక సర్క్యూటు కట్టుకుంటూనే ఉండేవారు.

ఆయన అక్కగారి భర్తది వాచీలు బాగుచేసే దుకాణం. నలభై ఏళ్లపాటు వాచీని చెవికి ఆనించి, టిక్కు విని, జబ్బేమిటో చెప్పిన చెవి ఆ బావగారిది. రెండేళ్ల కిందట, మాటలు చక్కగా వినబడుతుండగానే, టిక్కు మాత్రం ఆ చెవికి అందకుండా పోయింది. ఆ సంగతి భార్యకూ బావమరిదికీ తప్ప ఎవరికీ తెలియదు. అప్పుడు తీగలాయన ఒక పెట్టె చేసి ఇచ్చారు. పాత అలారం బజరులోంచి తీసిన పలుచని ఇత్తడి బిళ్లమీద వాచీ పెడితే, దాని అదురుకు బిళ్లలో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. ఆప్ ఆంప్ అనే ఎనిమిది కాళ్ల చిప్పు దానిని పెద్దది చేసి హెడ్‌ఫోనుకు అందిస్తుంది. బావగారి చెవి తిరిగి వచ్చినట్లే అయింది.

ఒక సోమవారం బావగారు తొందరలో బ్యాటరీని తిరగవేసి పెట్టడంతో ఆ చిప్పు కాస్తా కాలిపోయింది. దాని తయారీ ఏనాడో ఆగిపోయిందట. మూడు రోజులు వచ్చిన వాచీనల్లా "తీరిక లేదండీ" అని తిప్పి పంపారు. నాలుగోనాడు అక్కగారే తమ్ముని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"కొట్టు మూసేస్తారటరా. తాళంచెవి కొట్టు అద్దెకిచ్చినాయనకు ఇచ్చేస్తానని పొద్దున్నే అన్నారు. నువ్వేమో ఇక్కడ కాగితాలు తిరగేస్తూ కూచున్నావు."

"మంచిది చూసి వెయ్యొద్దటే అక్కా? ఏదో ఒకటి గుచ్చమంటావా?"

ఆ కాగితాల్లో ఉన్నవి, కాలిపోయినదానికి బదులు వేయదగిన చిప్పుల వివరాలు. స్కేలు ఆనించి ఒక్కొక్క వరుస చదివారు తీగలాయన. గరగర అన్నిటికంటె తక్కువున్నదానిని, పేరుపొందినదానిని ఎంచుకొని తెప్పించారు. కాళ్లు సరిపోయాయి, బ్యాటరీ సరిపోయింది. దుకాణానికి తీసుకువెళ్లి పెట్టెలో అమర్చారు.

బావగారు హెడ్‌ఫోను తగిలించుకొని, కళ్లు మూసుకొని, తెరిచారు. "మూగనోము పట్టిందోయ్ నీ చిప్పు."

తీగలాయన మీటరు పెట్టి చూశారు. ముల్లు ఒక కొసకు పోయి అతుక్కుంది. తీగలు సరిచూశారు, బ్యాటరీ మార్చారు, ఫలితం లేదు. "ఇంతకంటే మంచి చిప్పు లేదు బావా," అన్నారు నీరసంగా.

"పోనీలే, నీ తప్పేముంది. రేపు తాళం వేసేస్తాను," అన్నారు బావగారు. చేతులు ఊరుకోక, బల్లమీదున్న ఒక చిన్న వాచీ మూత ఊడదీశారు. "దీన్ని చూడు. ఎవడో పాత సెకన్ల ముల్లు తీసేసి మెరిసేది, లావుపాటిది వేశాడు. పావుగంటకోసారి ఆగిపోతోందట."

"ముల్లు నాసిరకమా?"

"భేషైన ముల్లు. దాన్ని ఈడ్చే ఓపిక ఈ వాచీకి లేదంతే. బదులు వేసేటప్పుడు చూడవలసింది ముల్లు అందమా, వాచీ ఓపికా?"

తీగలాయన జేబులోని కాగితం విప్పారు. తాను స్కేలు దాటించేసిన వరుస ఒకటుంది: చిప్పు తన ముందున్నదాని దగ్గర ఎంత విద్యుత్తు పుచ్చుకుంటుందో చెప్పే వరుస. టెలిఫోను లైనులో విద్యుత్తుకు కరువులేదు గనుక ముప్పై ఏళ్లలో ఆయనకు ఆ లెక్క పట్టలేదు. పాత చిప్పు పుచ్చుకున్నది దాదాపు సున్న. ఈ పేరుగలది అంతకు వేలరెట్లు. పాపం, బిళ్ల దగ్గర అంత ఎక్కడిది?

ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లి, గరగర ఎక్కువని తాను డబ్బాలో పారేసిన మామూలు చిప్పు ఒకటి తెచ్చారు. ఆ వరుసలో అది పాతదానికి సరిజోడు. అమర్చి, ముందు తానే విని ముఖం చిట్లించారు.

"హోరు ఉంది బావా. చెవికి గుచ్చుకుంటుంది. రెండు రోజులాగితే ఏదైనా అడ్డం పెట్టి..."

బావగారు హెడ్‌ఫోను లాక్కొని, లావుముల్లు వాచీని బిళ్లమీద పెట్టి, మాట్లాడవద్దని చెయ్యి ఎత్తారు. చాలాసేపు ఆ చెయ్యి దిగలేదు.

"కుంటుతోంది," అన్నారు చివరకు. "రెండో టిక్కు వెనకబడుతోంది. ముల్లొక్కటే కాదు, లోపల కూడా కెలికాడు వెధవ."

పట్టకారు అప్పటికే వేళ్లలో ఉంది.

"ఆ హోరు మాత్రం..."

"దాన్ని ముట్టుకున్నావంటే వేళ్లు విరుస్తాను."

గుమ్మంలో ఎవరో పెద్దావిడ వాచీ పట్టుకొని సందేహిస్తూ నిలుచున్నారు. బావగారు హెడ్‌ఫోను తీయకుండానే చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వండమ్మా. ఏమంటోందో విందాం."