నా చేతి బోణీ

మా ఊళ్ళో నన్ను గయ్యాళి అంటారు. నా ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికీ లేదు. మా ఆయన పోయిన పదో రోజున గాజులు తీయించాలి, బొట్టు చెరపాలి అంటూ చుట్టాలు చుట్టూ చేరితే, నేను కొనుక్కున్న గాజులతో మీకేం పని అని అడిగి అందరినీ వాకిట్లోంచే పంపించేశాను. ఆ రోజు నా పక్కన నిలబడి, మా అమ్మ మీద చెయ్యి వేస్తే ఊరుకోనని అన్నది నా కూతురు. ఈ మాట ముందే చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది విని దాన్ని రాక్షసి అనుకుంటారు. నా బిడ్డ రాక్షసి కాదు.

సంవత్సరీకం అయిన వారానికి అది కారు వేసుకుని చిట్టమూరు దగ్గర మా పల్లెకు వచ్చింది. ఏడాదిగా ఇల్లూ పొలం గట్టూ తప్ప నువ్వేం చూశావని పోట్లాడి నెల్లూరులో తన ఇంటికి తీసుకుపోయింది. మర్నాడు పొద్దున హస్తకళల సంత, సాయంత్రం మైపాడు సముద్రం. ఇదీ దాని ఏర్పాటు. అప్పటికి మృగశిర కార్తె వచ్చింది కానీ, ఆ సంగతి నెల్లూరు ఎండకు ఇంకా తెలిసినట్టు లేదు. అందుకని ఎండ ముదరకముందే వెళ్ళాం.

మేము వెళ్ళేసరికి దుకాణాలు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. కొందరు నీళ్ళు చల్లుతున్నారు, కొందరు సాంబ్రాణి వేస్తున్నారు. చీరలు చూడమని కూతురు లాగింది. బీరువాలో ఉన్నవాటికే దిక్కు లేదన్నాను. నా కాళ్ళు మాత్రం ఉదయగిరి చెక్క గరిటెల దగ్గర ఆగాయి. ఒక సాయిబుల ఆవిడ, నా కంటే కొంచెం చిన్నదేమో, గరిటెలను గుడ్డతో తుడిచి వరసగా పెడుతోంది. అందులో పులుసు గరిటె ఒకటి తీసి పట్టుకున్నాను. తేలిగ్గా ఉంది, కాడ నా చేతికి కొలిచి చేసినట్టుంది. ఆయన పోయాక నాకు వంటంటే ఏదో ఇంత ఉడికించి దించుకోవడమే. అలాంటిది ఆ గరిటె పట్టుకోగానే చేపల పులుసు పెట్టాలనిపించింది. ఏడాదిలో ఒక వస్తువు మీద నాకు మనసు పడింది అప్పుడే.

మనసు పడ్డంత మాత్రాన బేరం మానతానా? సగానికి అడిగాను. ఆ ధరకు అడవిలో కట్టెపుల్ల కూడా రాదని ఆవిడ నవ్వింది. అయితే అడవికే పోయి తెచ్చుకుంటానన్నాను. ఇద్దరం కాసేపు సరదాగా కీచులాడుకున్నాం. చివరికి ఆవిడే దిగివచ్చింది.

"సరేమ్మా, బోణీ బేరం, కాదనను. మీ చేత్తో ఇయ్యండి."

నేను పర్సు తీసి నోటు పట్టుకుని చెయ్యి చాపాను. ఇంతలో నా కూతురు ముందుకొచ్చి, "నువ్వుండు మా," అంటూ ఆ నోటు నా చేతిలోంచి తీసుకుని తన చేత్తో ఆవిడకు ఇచ్చింది.

తన డబ్బు ఇచ్చి ఉంటే, అమ్మకు కొనిపెట్టిందని సంతోషించేదాన్ని. కానీ ఆ నోటు నాది. అది నా వేళ్ళ మధ్య నుంచి దాని వేళ్ళలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఆవిడ చేతిలోకి వెళ్ళింది. ఆవిడ ఒక్క క్షణం నా నుదుటి వంక, గాజుల వంక, నా కూతురి వంక చూసింది. తర్వాత నోటు కళ్ళకద్దుకుని డబ్బాలో వేసుకుంది. అంతవరకూ నవ్వుతూ ఉన్న మనిషి గరిటెను కాగితంలో చుట్టేటప్పుడు నా వైపు చూడలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. కోపం వచ్చినా బాగుండేది. ట్రాక్టరు వాడు మా గట్టు తొక్కితే ఊరి చివరికి వినబడేలా కేకలేసే నోరు నాది. అక్కడ మాత్రం దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు తలొంచుకుని వచ్చేశాను. కూతురు ఇంకా ఏవో బొమ్మలు, బుట్టలు కొన్నది. నేను రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని దాని వెనకాల తిరిగాను.

మైపాడు దారి పొడుగునా నా కూతురే మాట్లాడింది. పిల్లల చదువులు, ఇంట్లో ఏసీ, పక్కింటివాళ్ళ కుక్క. తప్పు చేసినప్పుడు ఎక్కువ మాట్లాడటం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. సముద్రం దగ్గర కాళ్ళు తడుపుకుని వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చున్నది. అలలను చూస్తూనే అడిగాను.

"నా చేతిలోంచి ఎందుకు తీసుకున్నావే?"

అది బుకాయించలేదు. "ఆమె ఏమన్నా అంటుందేమోనని భయపడినాను మా. నిన్ను ఎవురన్నా ఒక మాటంటే నేను తట్టుకోలేను."

"ఆమెకేం తెలుసే? బొట్టుంది, గాజులున్నాయి. నేనెవురో ఆమెకు చెప్పింది నువ్వే గదా. ఇంక ఆమె అనేదేముంది, నువ్వే అనేసినావు."

నా కూతురు నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడవనిచ్చాను. మనసులో ఎక్కడో, బాగా అడిగాననే గర్వం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు.

వేట నిషేధం రోజులు కావడంతో మోటారు పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. ఒడ్డు నుంచి లాగే వలలో పడిన కాసిన్ని నెత్తళ్ళు తట్టలో వేసుకుని ఒకామె మా దగ్గరికి వచ్చింది. చిన్న పిల్ల, కొత్తగా పెళ్ళయినట్టుంది. నిషేధం అయిపోతోందని, ఎల్లుండి వాళ్ళాయన పడవెక్కుతున్నాడని, పెద్దదాన్ని కదా బోణీ చేసి పొమ్మని నన్నే అడిగింది. నా కూతురు కళ్ళు తుడుచుకుని, గబగబా పర్సు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వే ఇయ్యి మా," అన్నది.

నోటు తీశాను. ఆ పిల్ల చెయ్యి చాచింది. పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. ఎల్లుండి ఆ పడవకు ఏమన్నా అయితే? ఆ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి లేవలేదు. నా కూతురు చూస్తోంది. నా వంక అంత ఆశగా అది ఎప్పుడూ చూడలేదు.

"నా మొగుడు పోయి ఏడాదయిందమ్మా," అన్నాను ఆ పిల్లతో. "మా అమ్మాయి ఇస్తుంది, తీసుకో."