చిక్కుడు పేరు వెతికిన ఏడాది

మా అమ్మ కాపాడిన చిక్కుడు విత్తనం ఇక లేదు. పోగొట్టింది నేనే. నేను చెప్పకపోతే ఎలుకలు తిన్నాయనో, వానకు తడిశాయనో మా తర్వాతివాళ్లు సర్దిచెప్పుకుంటారు. అందుకే రాసిపెడుతున్నాను.

బడి ఏడో తరగతితో మానేశాను. తర్వాతి చదువంతా నారాయణఖేడ్ గ్రంథాలయంలోనే. అమ్మ చనిపోయిన ఏడాది, చిన్నప్పటినుంచి తింటున్న ఈ కాయకు ఆ పేరెలా వచ్చిందో తెలుసుకోవాలని నెలల తరబడి నిఘంటువులు తిరగేశాను. తీగ చిక్కుపడి అల్లుకుంటుంది కాబట్టి చిక్కుడు అయిందేమోనని నా ఊహ. ఏ పుస్తకమూ ఖాయంగా చెప్పలేదు. సరిహద్దు దాటితే కన్నడంలో అవరె. సంస్కృతంలో నిష్పావం, ఆ మాటకు చెరిగి శుభ్రం చేయడమనే అర్థం కూడా ఉంది. అది చదివిన రోజు చేట పట్టుకున్న అమ్మే కళ్లముందు నిలబడింది. ఎంత గర్వపడ్డానో!

అమ్మ ఏటా గింజలకు పురుగూ చెమ్మా పట్టకుండా బూడిద పట్టించి కుండలో దాచేది. మృగశిరకు ముందు గల్లీలో ఇంటింటికీ పిడికెడు పంచేది. ఎలాగూ ఆమె ఇస్తుందని ఎవరూ విడిగా దాచుకునేవారు కాదు. ఆ ఏడాది నేను పంచలేదు. పక్కింటి చెల్లె అడిగితే, చిక్కుడు పేరు గురించి నేను రాస్తున్నది పూర్తయ్యాక ఆ కాగితంతో సహా ఇస్తానన్నాను.

"నాలుగు గింజలడిగితే గీ కతంత ఏందన్నా? కాగితం కూరొండుకోవాల్నా?" అని నవ్వింది.

తర్వాత పుస్తకంలోని బొమ్మతో పోల్చుకుందామని గింజలన్నీ కడిగాను. నల్లటి గింజ, అంచున తెల్లటి గీత, అచ్చం బొమ్మలో ఉన్నట్టే. ఆ సంబరంలో తడి ఆరకముందే ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించాను. విత్తే రోజు తీస్తే అంతా బూజు.

"బూడిద కడిగినవా?" అంది మా ఇంటామె. "ఎవలన్న కడుగుతరా?"

అయినా పాతాను. ఒక్కటీ మొలవలేదు.

అమ్మ ఇచ్చిన గింజలు సిర్గాపూర్‌లో చిన్నమ్మ దగ్గరైనా ఉంటాయని పోయాను. ఇంటికి తాళం. కొడుకులతో కలిసి హైదరాబాద్‌కు కూలికి పోయిందట. వాకిట్లో పందిరి గుంజలు మాత్రం ఉన్నాయి.

నిఘంటువులు బీరువాలోంచి తీసిచ్చిన గ్రంథాలయం ఆయనకు, సిర్గాపూర్‌లో నాతో ఇల్లిల్లూ తిరిగి గింజలడిగిన ముసలాయనకు దండం. తన ఇంట్లో కుండలన్నీ దించి, అడుగున బూడిద కూడా చెరిగి చూసిన పక్కింటి చెల్లెకు దండం. ఆమె ఇప్పుడు సంతలో కొన్న విత్తనం పెట్టుకుంది. నన్ను గింజలడగడం మానేసింది.