ఇంజనే తిరుగుతుంది

మా ఆవిడ ఉద్యోగం పుణ్యమా అని దేశం దాటి వెర్రిబీ అనే ఊరు చేరాను. అంతకుముందు కాకినాడ వైపు ఒక పాలిటెక్నిక్‌లో ఇరవై ఏళ్లు ఇంజన్ల పాఠాలు చెప్పాను. ఇప్పుడు వారమంతా పక్కనున్న ట్రుగనీనాలో ఒక గోదాములో అట్టపెట్టెలు సర్దుతాను. శనివారం మాత్రం, నలుగురు ముసలాళ్లు పాతకాలపు విమానం ఇంజన్ బాగుచేసుకునే షెడ్డుకు వెళ్తాను. నేను లెక్చరర్నని మొదటి రోజే చెప్పేశాను, ఎవరూ అడక్కపోయినా.

అది వందేళ్ల కిందటి రోటరీ ఇంజన్. తొమ్మిది సిలిండర్లు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా ఉంటాయి. వాళ్లలో పెద్దాయన దాని ముందు బిగించిన ఫ్యాను రెక్క పట్టుకుని తిప్పమన్నాడు. నడిమి షాఫ్టు ఎలా తిరుగుతుందో వీళ్లకు వివరిద్దామనుకుంటూ రెక్క లాగాను. షాఫ్టు కదల్లేదు. సిలిండర్లు తొమ్మిదీ ఫ్యానుతో పాటు కదిలి నా ముక్కు మీదికి వచ్చాయి. ఒక్క గెంతు వెనక్కి గెంతాను.

"హోల్ థింగ్ గోస్ రౌండ్, మేట్" అన్నాడు పెద్దాయన, టీ చప్పరిస్తూ.

షాఫ్టును విమానానికి బిగించేస్తారట. ఆ రోజుల్లో విమానాలది నత్తనడక కాబట్టి, సిలిండర్లే గిరగిరా తిరిగితే గాలి తగిలి చల్లబడతాయని అలా కట్టారట. లోపల కందెనగా పోసిన ఆముదం మళ్లీ వెనక్కి రాదు, పైలట్ మొహాన చిమ్ముతుంది. అది మింగిన పైలట్ల అవస్థ ఆయన చెప్పబోతుంటే, మాకు చెప్పక్కర్లేదన్నాను. మా అమ్మ నెలకో ఆదివారం పట్టించేది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నా పాఠం గుర్తొచ్చింది. వేరే రకం ఇంజన్ బొమ్మ వేసి దానికి రోటరీ అని పేరు పెట్టి, సిలిండర్లు కదలవు, షాఫ్టు తిరుగుతుంది అని ఇరవై ఏళ్లు నోట్సు రాయించాను. ఒకే ఒక్క అమ్మాయి లేచి, లైబ్రరీ పుస్తకంలో ఇంజనే తిరుగుతుందని ఉంది సార్ అంది. నా పరీక్షలో ఇంజన్లు తిరగవు, నోట్సులో ఉన్నది రాయమన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల యూనిట్ టెస్టులోనూ ఆ పుస్తకంలోని బొమ్మే వేస్తే ఎర్రసిరాతో కొట్టేశాను.

పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆమె నంబరు దొరికింది. హైదరాబాదులో ఒక బస్సు డిపోలో ఇంజనీరట. ఫోన్ చెయ్యడానికి నాకు రెండు వారాలు పట్టింది. నువ్వే రైటమ్మా, తప్పు నాది అన్నాను. ఆమె నవ్వింది.

"అప్పట్నుంచి క్లాసులో డౌట్ అడగడం మానేశాను సార్."

సిగ్గుతో చచ్చిపోయాను. పోనీ ఇప్పుడడుగు అన్నాను.

"ఇంజన్ మొత్తం తిరుగుతుంటే, ప్లగ్గులకి వెళ్లే కరెంటు వైర్లు చుట్టుకుపోవా సార్?"

అలవాటు కొద్దీ ఏదో ఒక జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"నాకు తెలీదమ్మా. శనివారం కనుక్కుని చెప్తాను."