చెల్లి మీద బాబాయి కుళ్లు

"ఆ చివరి లెక్క తప్పు. తప్పు లెక్కకి మార్కులెలా వేస్తారు? నాకెప్పుడైనా ఎవడైనా వేశాడా?"

"నువ్వు పదో తరగతి తప్పావు బాబాయ్. నీకెందుకు వేస్తారు?"

"అదే నేననేది. నేను తప్పితే నువ్వెందుకు పాసవ్వాలి?"

పిల్లల వార్డులోంచి ఈ గొడవ వరండా చివరిదాకా వినిపిస్తోంది. మందులు పట్టుకొస్తున్న నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. లోపల మంచం మీద మా చెల్లి, చేతికి సెలైన్ సూది, నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. పక్కన స్టూలు మీద మా నాన్న తమ్ముడు. ఈయన గురించి ముందే చెప్పేస్తే మంచిది. మా బాబాయికి లోకంలో అందరి మీదా కుళ్లు. అసూయ అనొచ్చు కానీ, ఆ మాటకున్నంత మర్యాద ఆయన ఏడుపుకి లేదు.

ఆయన దర్జీ. స్కూలు యూనిఫారాలు కుడతాడు. పొడుగు పిల్లాడొస్తే టేపు పైకెత్తుతూ వాడి పొడుగు చూసి ఏడుస్తాడు. పొట్టివాడొస్తే వాడికి గుమ్మాలు తగలవని ఏడుస్తాడు. మా నాన్న కాలు విరిగి మంచమెక్కితే, పలకరించడానికొచ్చి, "అన్నం చేతికందిస్తున్నారు, నీ జాతకమే జాతకం అన్నయ్యా" అని నిట్టూర్చాడు. ఎదురింటి కుక్క పగలు నిద్రపోతుందని దాని మీద కూడా కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. నేను కాలేజీ మానేసి వచ్చిన రోజున ఇంటిల్లిపాదీ తిట్టారు. బాబాయి ఒక్కడే నా పక్కన కూర్చుని, "ఇక పొద్దున్నే లేవక్కర్లేదన్నమాట" అని గుటకలు మింగాడు.

చెల్లికి రక్త క్యాన్సర్ అని తేలాక వచ్చినవాళ్లంతా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అయ్యో తల్లీ అంటూ చెయ్యి నిమిరి, వరండాలోకెళ్లి ముక్కు చీదుకునేవాళ్లు. బాబాయి మాత్రం వచ్చీ రాగానే, "నిన్ను చక్రాల మంచం మీద తిప్పుతారటగా. నేను బస్సులో నిలబడి వచ్చాను" అన్నాడు. జుట్టు ఊడిపోయినప్పుడు అమ్మ చాటుగా ఏడుస్తోంటే, ఈయన, "చిక్కు లేదు, దువ్వెన లేదు, పేలు లేవు. పెట్టిపుట్టావే" అన్నాడు. మందులకి బుగ్గలు ఉబ్బాయి. చెల్లి అద్దం బోర్లించేసింది. బాబాయి ఆ అద్దం తీసి తన లొట్టపోయిన బుగ్గలు చూసుకున్నాడు. ఆ మందేదో తనకీ రాయమని డాక్టరుగారిని నిజంగానే అడిగాడు. ముందు మీకు జబ్బు రావాలండీ అని ఆయన ఓపిగ్గా చెప్పారు. దానికి కూడా పెట్టిపుట్టాలి కాబోలు అని బాబాయి గొణుక్కున్నాడు.

చెల్లి పడీ పడీ నవ్వేది. రోజంతా పక్కన కూర్చున్నది నేను. నేను పలకరిస్తే గోడవైపు తిరిగేది. ఆ స్టూలు కిర్రుమందంటే చాలు లేచి కూర్చునేది. నాకు కడుపు మండిపోయేది. బాబాయి రోగం మా వంశంలో పారుతున్నట్టుంది.

ఇక మార్కుల సంగతి. చికిత్స ఏళ్లు పడుతుందన్నారు కనుక, పాఠాలు ఫోన్‌లో వినేలా, పరీక్షలు వార్డులోనే రాసేలా స్కూలు ఒప్పుకుంది. ఈ ఏడాది పోకుండా తోటిపిల్లలతో పాటు పై తరగతికి వెళ్లాలన్నది చెల్లి పట్టుదల. అలాంటిది, లెక్కల టీచరు జాలిపడి మొన్నటి పరీక్షకి పూర్తి మార్కులు వేసి పంపింది. చెల్లికి తను చేసిన తప్పేదో తెలుసు. కాగితం చూసి పుస్తకాలు మూసేసింది.

"ఊరికే మార్కులు ఎవరికేస్తారో నాకు తెలుసు. ఇంక బతకనివాళ్లకి."

అలాంటిదేం లేదని అమ్మ ఒట్టేసింది, నాన్న బతిమాలాడు. మార్కులదేముందిలే తల్లీ అని ఒక మాట జారాడు కూడా. దాంతో ఆమె అనుమానం ఇంకా గట్టిపడింది. నేను నోరు తెరవబోతే, "నువ్వు మానేశావుగా అన్నయ్యా, నేనూ మానేస్తా" అంది. పెద్ద పరీక్ష దగ్గరపడుతోంది, ఈమె గోడకేసి చూస్తూ పడుకుంది.

ఈ కబురు బాబాయికి చేర్చింది నేనే. మీరు విన్న గొడవ దాని ఫలితం. అక్కడితో ఊరుకున్నాడా, తిన్నగా స్కూలుకి బయల్దేరాడు. ఆపుదామని వెనకే పరిగెత్తాను. టీచర్ల గదిలో ఆ లెక్కలావిడ, పాపం ఆస్పత్రిలో ఉంది కదా, పోనీలే అనుకున్నానండీ అని నచ్చజెప్పబోయింది.

"మీరు పోనీలే అంటారు. నా కడుపుమంట ఎవరు ఆర్పుతారు? కొట్టేయండి ఆ మార్కులు."

గదిలో ఉన్నవాళ్లంతా ఆయన్ని రాక్షసుణ్ణి చూసినట్టు చూశారు. టీచరు కళ్లు తుడుచుకుంటూ ఎర్ర పెన్ను తీసింది. ఇంకో లెక్కలో జవాబు పక్కన మీటర్లు అని రాయలేదు, దానికీ అర మార్కు తగ్గించండి అని దగ్గరుండి తగ్గించాడు. కొలతల విషయంలో దర్జీని ఏమార్చలేరు.

దిద్దిన కాగితం చూసి చెల్లి మంచం మీద నిటారుగా లేచి కూర్చుంది.

"మీటర్లు రాయకపోతే అర మార్కు కోస్తారా? ఒంట్లో బాగాలేనిదాన్నని కూడా చూడరా?"

అని పుస్తకం లాక్కుంది. పెద్ద పరీక్షలో ఆవిడ ఎలా కోస్తుందో చూస్తానంది. బాబాయి చదవొద్దని, తన కళ్లు మండుతున్నాయని మొత్తుకున్నాడు. ఆమె ఇంకా గట్టిగా, ఆయన చెవిలో పడేలా చదివింది.

సరిగ్గా పరీక్ష ముందురోజు బాబాయికి దగ్గు పట్టుకుంది. రక్తంలో బలం లేని పిల్లలున్న వార్డు కదా, నర్సు ఆయన్ని మెట్ల దగ్గరే ఆపేసింది. నేను కిందికి దిగితే, బెంచీ మీద ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. దగ్గు లేనివాణ్ణని నన్ను చూసి ముందు ఒక ఏడుపు ఏడ్చాడు. పైనున్న చెల్లి కిటికీ వైపు చూశాడు. తర్వాత అన్నాడు:

"అందరూ పాపం పాపం అంటుంటే, తన దగ్గర ఇంకేం మిగల్లేదనుకుంటుందిరా పిల్ల. పక్కన ఒకడు కుళ్లుకుంటూ ఉండాలి. రేపు నువ్వు కూర్చో."

"నాకు నటించడం రాదు బాబాయ్."

"నటించమని ఎవడన్నాడు? అది పుస్తకం తెరిస్తే నువ్వు ఎలా చూస్తావో నేను చూడలేదా? చదువు మానేసినప్పటి నుంచీ లోపలే దాచుకున్నావు. రేపు దాని ముందు కాస్త బయటపెట్టు, చాలు."

సరేనని తలూపి మెట్లెక్కబోయాను. వెనక నుంచి పిలిచాడు.

"ఒరేయ్, నాకంటే బాగా మాత్రం ఏడవకు. నేను ఓర్చుకోలేను."