రుద్దేసిన పలక

మా తోడికోడలు సముద్రజీవుల ప్రదర్శనశాలలో జెల్లీచేపల తొట్లు కడుగుతుంది. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నేను ఎవరింటికీ వెళ్లడం లేదని, పని అయ్యాక తనే వచ్చి కబుర్లు చెబుతోంది. జెల్లీచేపలకు ఎముకల్లేవు, గుండె లేదు, మెదడు లేదని తను చెబితేనే నాకు తెలిసింది. గొడుగు తెరిచి మూసినట్టు ఒళ్లు ముడుచుకుని, నీళ్లను వెనక్కి నెట్టి ముందుకు కదులుతాయట. ఎదురీదే బలం లేదు. మూలల్లో ఇరుక్కుంటే చిరిగిపోతాయని వాటి తొట్టి గుండ్రంగా కడతారట.

"మెదడు లేకుండా ఎలా బతుకుతాయే?" అన్నాను.

"మీ మరిది బతకడం లేదా అక్కా," అంది.

చాలా నెలల తర్వాత నవ్వాను.

ఒక బుధవారం మాత్రం ముఖం వేలాడేసుకుని వచ్చింది. కొత్తగా వెనక గది పని అప్పగించారట. అక్కడ చిన్న తొట్టిలో ఒక పలక, దాని నిండా తెల్లటి చుక్కలు. పాచి అనుకుని బ్రష్షుతో అద్దంలా రుద్దేసింది. తీరా చూస్తే అవి జెల్లీచేపల పిల్లలు. మొదట మొక్కల్లా దేనికో ఒకదానికి అతుక్కుని పెరిగి, తర్వాత పళ్లేల దొంతరలా ఒక్కొక్కటే విడివడి ఈదుతాయట.

"సూపర్‌వైజరు తిట్టాడా?"

"తిట్టినా బాగుండేది. వచ్చే ఏడాది జెల్లీచేపల్ని మొత్తం కడిగేశావమ్మా అన్నాడు. పెద్దవి ముసలివైపోయాయి. ఇవి లేకపోతే ఆ తొట్టి మూసేస్తారు. నా పనీ అంతే."

"పలక పారేశాడా?"

"లేదు. నీళ్లలోనే ఉంచు, చెయ్యి పెట్టకు, చూద్దాం అన్నాడు."

మరక కనబడితే తన చెయ్యి ఊరుకోదు. రోజూ చేతులు వెనక్కి కట్టుకుని ఆ పలక ముందు నిలబడేదట. నాకు ఓదార్చడం చేతకాదు. తను చెబుతుంటే పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టేదాన్ని.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అక్కా, వచ్చాయి. అతుక్కున్న చోట అడుగున గింజల్లాంటివి మిగిలాయట, నా బ్రష్షుకు లొంగకుండా. వాటిలోంచే మళ్లీ మొలిచాయి."

"ఎన్ని?"

"పదకొండు. సూపర్‌వైజరు భూతద్దం పెట్టి పద్నాలుగంటాడు. పొద్దున్నుంచీ ఇదే పోట్లాట."

"మరి నీ పని?"

"ఉంది. బ్రష్షు మాత్రం లాక్కున్నాడు."

సాయంత్రం వచ్చి, మాట మధ్యలోనే నా కుర్చీలో నిద్రపోయింది. దుప్పటి కప్పి, ఇవాళ ఆలస్యమవుతుందని మా మరిదికి ఫోన్ చేశాను.